వేటకి బ్లాక్ పౌడర్ తూటా రైఫిల్: షార్ప్స్, రోలింగ్ బ్లాక్, హై వాల్, ట్రాప్‌డోర్‌లలో మీకు ఏది?

అమెరికాలో స్థిరపడి వేట నేర్చుకున్న తెలుగువాళ్లలో కొందరికి, కొన్ని సీజన్లు గడిచేసరికి స్కోపు బిగించిన కొత్త రైఫిల్ మీద మోజు తగ్గుతుంది. 1870ల నాటి సింగిల్ షాట్ మీదికి మనసు పోతుంది. ఇత్తడి గుల్ల నిండా బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకి మందు), ముందు బరువైన సీసపు గుండు, లోపల ఒకే ఒక్క తూటా. నాకూ ఈ రైఫిళ్లంటే ప్రాణం. కానీ దుకాణంలో నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి చూపించగానే ఎవరికైనా తికమక మొదలవుతుంది. ఎక్కువమంది ఆ తికమకలో పేరు విన్నదాన్ని, చూడటానికి గంభీరంగా ఉన్నదాన్ని కొనేస్తారు. తీరా నవంబరులో కొండెక్కేటప్పుడు భుజం లాగేస్తుంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. రైఫిల్ పేరు చూసి మొదలుపెట్టకండి. మీరు నడుస్తూ వేటాడతారా, ఒకచోట కూర్చుని వేటాడతారా, ఏ జంతువు కోసం వెళ్తున్నారు, ఎంత దూరంలో కాలుస్తారు అన్నవి తేల్చుకోండి. వాటిని బట్టి తూటా తేలుతుంది, బరువు తేలుతుంది. ఆ రెండూ తేలాక రైఫిల్ ఎంచుకోవడం పెద్ద పని కాదు.

ఇక్కడ రాసేదంతా అమెరికాలో వేటాడేవారి కోసం. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం కాబట్టి అక్కడ ఈ ప్రశ్నే రాదు.

## కొనేముందు చట్టం

మనవాళ్లకి ఈ భాగం అన్నిటికంటే ముఖ్యం. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. లైసెన్సు గడువు అయిపోతే మినహాయింపు కూడా అయిపోయినట్టే. సీజన్ ముగిసింది కదా అని రెన్యువల్ వాయిదా వేసి, రైఫిల్‌ని అలమారాలో ఉంచుకోకండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

టెక్సాస్‌లో ఉన్నవారు ఒక మెలిక గమనించాలి. అక్కడ ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందుల్ని వేటాడటానికి 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు. స్నేహితుడి రాంచ్‌కి వెళ్తున్నాం, లైసెన్సు ఎందుకులే అని స్థానికులు అనొచ్చు. వాళ్లకి అది సరిపోతుంది. వీసా మీద ఉన్న మీకు మాత్రం పందుల కోసం కాకపోయినా, తుపాకి చేతిలో పట్టుకోవడానికే ఆ లైసెన్సు కావాలి. మీ పరిస్థితిలో ఏ మాత్రం సందేహం ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయరుని అడిగాకే ముందుకి వెళ్లండి.

1898లోపు తయారైన అసలు రైఫిళ్లని ఫెడరల్ చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది. ఇప్పుడు తయారవుతున్న నకలు రైఫిల్ .45-70 లాంటి మార్కెట్లో దొరికే తూటాని పేలుస్తుంది కాబట్టి, అది మామూలు తుపాకి కిందికే వస్తుంది. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కాగితాలు నింపాల్సిందే.

వేట నియమాల విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. బ్లాక్ పౌడర్ వాడుతున్నాం కదా, మజిల్‌లోడర్ సీజన్‌లో వెళ్లొచ్చు అనుకుంటారు. మజిల్‌లోడర్ అంటే గొట్టం మూతి నుంచి మందు కూరేది. తూటా వాడే రైఫిల్‌ని చాలా రాష్ట్రాలు ఆ సీజన్‌లో ఒప్పుకోవు. మిసిసిపీ, లూసియానా మాత్రం తమ ప్రిమిటివ్ వెపన్ (పాత తరహా ఆయుధాల) సీజన్‌లో గొట్టం వ్యాసం .35 అంగుళాలకి తక్కువ కాని, హ్యామర్ బయటికి కనిపించే సింగిల్ షాట్ తూటా రైఫిళ్లని అనుమతిస్తాయి. ఈ వ్యాసంలోని నాలుగు ప్రధాన రైఫిళ్లకీ హ్యామర్ బయటే ఉంటుంది. ఒహాయో 2014 నుంచి జింకల వేటకి నిటారు గుల్ల (మెడ దగ్గర సన్నబడని) తూటాల రైఫిళ్లని ఒప్పుకుంటోంది, అందులో .45-70 ఉంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి సీసపు గుండ్లతో వేట పూర్తిగా నిషేధం. అక్కడివారు రాగి గుండ్లు వెతుక్కోవాలి, లేదా వేటకి పక్క రాష్ట్రం వెళ్లాలి.

## దూరం, బరువు, పొగ

ఈ తూటాలు నెమ్మదిగా వెళ్తాయి. .45-70లో 405 గ్రెయిన్ల (దాదాపు 26 గ్రాముల) గుండు మూతి దగ్గర సెకనుకి దాదాపు 1,300 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. వంద గజాలకి గురి సరిచేసుకుంటే, 150 గజాల దగ్గర గుండు ముప్పావు అడుగు దాకా కిందికి దిగుతుంది. 200 గజాలకి వెళ్లేసరికి రెండడుగులకి అటూ ఇటూ దిగుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వలయం. 200 గజాల్లో ఉన్న జంతువుని 175 అనుకుని కాలిస్తే ఆ పొరపాటు ఒక్కటే గుండుని ఆ వలయం కిందికి దింపగలదు. జంతువు గాయపడి తప్పించుకోవడం కంటే ఘోరం వేటలో లేదు. అందుకే ఇనుప సైటుతో 150 గజాల్ని హద్దుగా పెట్టుకోమంటాను. రేంజ్‌ఫైండర్ ఉండి, వేర్వేరు దూరాల్లో బాగా సాధన చేసినవారికి 200. ఆ పైన కాగితం మీద కాల్చుకోండి, ప్రాణి మీద వద్దు.

ఈ హద్దుని ఒప్పుకుంటే కొనుగోలు సగం తేలికవుతుంది. 34 అంగుళాల బ్యారెల్, వెయ్యి గజాల వెర్నియర్ సైటు (దూరాన్ని బట్టి ఎత్తు మార్చే గురి సాధనం), మూడంగుళాల గుల్ల మీకు అక్కర్లేదు. అవన్నీ పోటీలో నిలబడేవారి సరంజామా.

బరువు సంగతి దుకాణంలో తెలియదు. అయిదు కిలోల రైఫిల్‌ని కౌంటరు దగ్గర రెండు నిమిషాలు పట్టుకుంటే దిట్టంగా, నిలకడగా, హాయిగా అనిపిస్తుంది. అదే రైఫిల్‌ని మంచులో రెండు వేల అడుగులు ఎక్కించాలంటే కథ వేరు. అయితే ఆ బరువే తన్నుడుని మింగుతుంది. .45-70లో 500 గ్రెయిన్ల గుండు పెట్టి మూడున్నర కిలోల కార్బైన్‌తో కాలిస్తే భుజానికి బాగానే తెలుస్తుంది. పాత పద్ధతి రైఫిళ్లకి వెనక చంద్రవంక ఆకారంలో ఇనుప పలక ఉంటుంది. దాన్ని భుజం గుంటలో కాకుండా చేతి మొదట్లో ఆనించాలి, లేకపోతే కొసలు గుచ్చుకుంటాయి. వేటకైతే బల్లపరుపుగా ఉండే షాట్‌గన్ రకం పలక మంచిది. చలికోటు మీద కూడా సరిగ్గా కూర్చుంటుంది.

ఇక పొగ. ట్రిగ్గర్ నొక్కగానే ఎదురుగా తెల్లటి తెర లేస్తుంది. గాలి కదలని తెల్లవారుజామున అది అక్కడే వేలాడుతుంది. జింక పడిందో, ఎటు ఉరికిందో కనిపించదు. కాల్చిన వెంటనే ఒక పక్కకి వంగి పొగ కింద నుంచి చూస్తూ, చూపు తిప్పకుండానే రెండో తూటా పెట్టడం అలవాటు కావాలి. చూడకుండా చేత్తో తడిమి తూటా పెట్టడానికి ఏ రైఫిల్ వీలుగా ఉంది అన్నది కూడా ఎంపికలో లెక్కే.

## తూటా ముందు, రైఫిల్ తర్వాత

మొదటి రైఫిల్ అయితే .45-70 తీసుకోండి. ఇందులో నేను రెండో మాట చెప్పను. 1873లో అమెరికా సైన్యం చేపట్టిన ఈ తూటా ఇప్పటికీ మామూలు దుకాణాల్లో దొరుకుతుంది. గుల్లలు, గుండ్లు, అచ్చులు, రీలోడింగ్ డైలు (వాడిన గుల్లల్ని మళ్లీ నింపుకునే పరికరాలు), దేనికీ కొరత లేదు. జింకకీ, ఎలుగుకీ, ఎల్క్ అనే పెద్ద జాతి జింకకీ, దగ్గర దూరంలో బైసన్‌కీ సరిపోతుంది. కొలరాడోలో పెద్ద జంతువుల వేటకి 100 గజాల దగ్గర కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలన్న నియమం ఉంది. ఎల్క్‌కి గుండు 85 గ్రెయిన్లకి తగ్గకూడదు, విచ్చుకునే రకమై ఉండాలి. నిండా బ్లాక్ పౌడర్ నింపిన .45-70 ఆ శక్తి గీత దాటుతుంది.

.38-55 చాలా ముద్దొచ్చే తూటా. తన్నుడు తక్కువ, గురి అద్భుతం. కానీ బ్లాక్ పౌడర్ స్థాయి మందుతో 255 గ్రెయిన్ల గుండుకి మూతి దగ్గరే వెయ్యి అడుగు-పౌండ్లు రావడం కష్టం. కొలరాడోలో అది చెల్లదు. తూర్పు రాష్ట్రాల అడవుల్లో 100 గజాల లోపు జింకల్ని వేటాడేవారికి, తన్నుడు భరించలేనివారికి మాత్రం చక్కటి ఎంపిక.

.40-65 ఈ రెంటికీ మధ్య దారి. .45-70 గుల్లల్నే డైలో నొక్కి తయారుచేసుకోవచ్చు. ఓపికున్న రీలోడర్లకి ఇది నచ్చుతుంది. .50-70 పొట్టిగా ఉండి లావైన గుండుని నెడుతుంది, దట్టమైన అడవిలో బాగా పనిచేస్తుంది. అయితే గుల్లలు ఏ ఊళ్లో పడితే ఆ ఊళ్లో దొరకవు. .45-90, .45-110, .50-90 లాంటి పొడవాటి తూటాలు పేరుకి గొప్పవి. 150 గజాల వేటలో వాటి వల్ల జంతువుకి తేడా తెలియదు, మీ భుజానికీ జేబుకీ మాత్రం తెలుస్తుంది. బైసన్ వేటకి అవకాశం వచ్చి, అదే మీ ప్రధాన లక్ష్యమైతే అప్పుడు .45-90 గురించి ఆలోచించండి.

ఏ తూటా తీసుకున్నా రెండు సూత్రాలు తప్పకండి. బ్లాక్ పౌడర్ గుల్లలో మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉంటే బ్యారెల్ ఉబ్బి పాడవుతుంది, ఇంకా పెద్ద ప్రమాదమూ జరగొచ్చు. బ్లాక్ పౌడర్ కొలతతో స్మోక్‌లెస్ పౌడర్ (పొగ దాదాపు రాని నేటి మందు) పోయడం అంటే చేతులారా బాంబు తయారుచేసుకోవడమే. ఆ పొరపాటుకి రెండో అవకాశం ఉండదు.

## షార్ప్స్ 1874

ఈ పేరు వినగానే బైసన్ మందలు, గడ్డి మైదానాలు గుర్తొస్తాయి. 1871లో మొదలై 1880ల ఆరంభంలో కంపెనీ మూతపడే దాకా తయారైన ఈ రైఫిల్, ఆ దశాబ్దంలో చర్మాల కోసం వేటాడినవారి చేతుల్లో బైసన్‌లని దాదాపు తుడిచిపెట్టేసింది. కోట్లలో ఉన్న మందలు 1880ల చివరికి సుమారు వెయ్యికి వచ్చాయి. మైదాన ప్రాంత ఆదివాసుల తిండీ బతుకూ వాటితోనే పోయాయి. షార్ప్స్ కొనేవారు ఈ చరిత్ర కూడా తెలుసుకుని కొనాలని నా కోరిక.

1874 జూన్‌లో టెక్సాస్‌లోని అడోబీ వాల్స్ దగ్గర బిల్లీ డిక్సన్ మైలు దూరానికి కాస్త తక్కువలో ఉన్న గుర్రపు రౌతుని షార్ప్స్‌తో పడగొట్టాడన్నది ఈ రైఫిల్ చుట్టూ అల్లుకున్న పెద్ద కథ. అది అదృష్టం కొద్దీ తగిలిన దెబ్బ అని డిక్సనే ఒప్పుకున్నాడు. కొనేవారు కథనే గుర్తుంచుకుంటారు, ఆయన ఒప్పుకోలుని మరిచిపోతారు.

పనితీరు ఇలా ఉంటుంది. పక్కన ఉన్న పెద్ద హ్యామర్‌ని సగం ఎత్తాలి. ట్రిగ్గర్ గార్డుగా ఉన్న లివర్‌ని కిందికి లాగితే బ్రీచ్ దిమ్మ (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే ఇనుప దిమ్మ) నిటారుగా జారి దిగుతుంది. తూటా పెట్టి లివర్ మూసి, కాల్చే ముందు హ్యామర్ పూర్తిగా ఎత్తాలి. హ్యామర్‌ని సగం ఎత్తకుండా లివర్ లాగితే ఫైరింగ్ పిన్ దెబ్బతినే అవకాశం ఉంది. తొందరలో ఈ వరుస తప్పకుండా ఉండాలంటే ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో చేతికి అలవాటు చేయాలి.

రెండు ట్రిగ్గర్లు ఉన్నవే ఎక్కువ. వెనకది నొక్కి సెట్ చేస్తే ముందుది ఈక తాకినట్టు తాకినా పేలుతుంది. బల్ల మీద నుంచి కాల్చేటప్పుడు ఇది వరం. చలిలో గ్లవ్స్ వేసుకున్న వేలికి మాత్రం ప్రమాదం. జంతువు మీద సైటు నిలిచాకే సెట్ చేయాలి. సెట్ చేసిన రైఫిల్‌తో ఒక్క అడుగు కూడా వేయకూడదు.

షార్ప్స్ గొప్పతనం నిలకడలో ఉంది. బరువైన అష్టభుజి బ్యారెల్‌ని రెండు కర్రలు అడ్డంగా కట్టిన క్రాస్‌స్టిక్స్ మీద ఆనిస్తే కదలదు. బలహీనత కూడా ఆ బరువే: సాధారణ కొలతల్లో 4.5 నుంచి 5.5 కిలోలు, భారీ బ్యారెల్ అయితే ఇంకా ఎక్కువ. మోంటానా రాష్ట్రంలో బిగ్ టింబర్ అనే చిన్న ఊళ్లోనే షైలో, సీ షార్ప్స్ అనే రెండు సంస్థలు ఈ రైఫిళ్లని తయారుచేస్తాయి. పనితనంలో వాటికి తిరుగులేదు. ఆర్డరు ఇచ్చాక ఎదురుచూడాలి, ధర కూడా ఎక్కువే. ఇటలీలో పెడర్సోలి చేసేవి తక్కువ ధరకి వస్తాయి, వేటకి నిక్షేపంగా సరిపోతాయి.

## రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్

ఇంత తక్కువ భాగాలతో ఇంత గట్టి రైఫిల్ ఇంకొకటి లేదు. హ్యామర్‌ని పూర్తిగా వెనక్కి లాగి, బ్రీచ్ దిమ్మని బొటనవేలితో వెనక్కి దొర్లిస్తే తెరుచుకుంటుంది. తూటా పెట్టి దిమ్మని ముందుకి దొర్లిస్తే మూసుకుంటుంది. పేలే క్షణంలో హ్యామర్ కిందిభాగం వచ్చి దిమ్మ కింద ఆనుకుంటుంది, దాంతో అది వెనక్కి కదలలేదు. 1867 పారిస్ ప్రదర్శనలో పేరొచ్చాక డెన్మార్క్, స్వీడన్, స్పెయిన్, ఈజిప్టు, అర్జెంటీనా సైన్యాలు దీన్ని కొన్నాయి. అమెరికా సైనికాధికారి కస్టర్ 1873 ఎల్లోస్టోన్ యాత్రలో .50-70 రోలింగ్ బ్లాక్‌తో వేటాడి, మెచ్చుకుంటూ కంపెనీకి ఉత్తరం రాశాడు. 1874లో న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్‌లో జరిగిన దూరపు గురి పోటీలో ఐర్లండ్ జట్టుని అమెరికన్లు మూడు పాయింట్ల తేడాతో ఓడించినప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నవి రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లే.

వేటగాడికి దీనిలో నచ్చేది, కింద లివర్ లేకపోవడం. నేల మీద బోర్లా పడుకుని ఉన్నా, పొద చాటున నక్కి ఉన్నా రైఫిల్ పైకెత్తకుండా తూటా మార్చొచ్చు. పొగలో చూపు తిప్పకుండా తడిమి నింపడానికీ నాకు ఇదే తేలిక అనిపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. తెరవాలంటే హ్యామర్ పూర్తిగా ఎత్తాల్సిందే కాబట్టి, తూటా పెట్టి మూసేసరికి రైఫిల్ కాల్చడానికి సిద్ధంగా ఉంటుంది. కొత్తవారికి ఇది టెన్షన్ పెట్టే సంగతి. తూటాని జేబులోనో చేతిలోనో ఉంచుకుని, జంతువు కనిపించాకే పెట్టడం సురక్షితం. రెండోది, గుల్లని బయటికి లాగే బలం తక్కువ. మసి పేరుకున్న చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) గుల్ల బిగుసుకుంటే వేళ్లతో రాదు. చిన్న క్లీనింగ్ రాడ్ వెంట ఉండాలి. ధర మాత్రం షార్ప్స్ కంటే సాధారణంగా తక్కువ.

## వించెస్టర్ 1885 హై వాల్

జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంట్ తీసుకున్న రైఫిల్ ఇది. యూటాలోని ఆగ్డెన్‌లో అన్నదమ్ములతో కలిసి కొన్ని వందలు చేత్తో తయారుచేశాడు. 1883లో వించెస్టర్ హక్కులు కొనుక్కుంది. నాలుగింటిలో ఇదే చివర పుట్టింది, ఆ అనుభవం దీని ఒంట్లో కనిపిస్తుంది.

లివర్ దించితే దిమ్మతో పాటు మధ్యలో ఉన్న హ్యామర్ కూడా దిగుతుంది. ముందు హ్యామర్ ఎత్తాలన్న నియమం లేదు. యాక్షన్ (తెరిచి మూసే యంత్రాంగం) పొట్టిగా, సన్నగా ఉండటం వల్ల 28 లేదా 30 అంగుళాల బ్యారెల్ ఉన్నా రైఫిల్ చేతిలో చురుగ్గా కదులుతుంది. నడిచే వేటగాడికి ఈ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. బలంలో కూడా ఇదే ముందుంటుంది: స్మోక్‌లెస్ పౌడర్ కాలంలోకి అడుగుపెట్టి నిలబడిన యాక్షన్ ఇది. ఏదో ఒక సీజన్‌లో దుకాణంలో కొన్న ఫ్యాక్టరీ తూటాలతోనే వెళ్లాల్సి వస్తే మనసు నిబ్బరంగా ఉంటుంది. ఉబెర్టి నకళ్లు సులువుగా దొరుకుతాయి. జపాన్‌లో మిరోకు తయారుచేసి బ్రౌనింగ్, వించెస్టర్ పేర్లతో అమ్మినవి సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే వదలకండి.

లోటు చెప్పాలంటే, సందులు తక్కువగా ఉండి లోపల మసి చేరితే విప్పి శుభ్రం చేయడం రోలింగ్ బ్లాక్ అంత తేలిక కాదు. మూసిన తర్వాత హ్యామర్ ఏ స్థితిలో ఉంటుందన్నది తయారీని బట్టి మారుతుంది. కొనేటప్పుడే ఖాళీ రైఫిల్‌తో తెరిచి మూసి చూసుకోండి.

## స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్

అంతర్యుద్ధం నాటి మజిల్‌లోడర్లని తూటాకి మార్చడానికి ఎర్‌స్కిన్ ఆలిన్ 1865లో చేసిన ఉపాయం నుంచి వచ్చింది. 1873 మోడల్‌తో .45-70 సైన్యంలోకి అడుగుపెట్టింది. హ్యామర్ సగం ఎత్తి, కుడివైపున్న చిన్న పిడిని బొటనవేలితో పైకి నెడితే మూత తలుపులా ముందుకి లేస్తుంది. పేల్చాక తలుపు గట్టిగా తెరిస్తే గుల్ల దానంతట అదే బయటికి ఎగురుతుంది. 1876 లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో గుల్లలు ఇరుక్కున్నాయన్న అపవాదు దీని మీద ఉంది. అప్పటి గుల్లలు మెత్తటి రాగివి. నేటి ఇత్తడి గుల్లలతో ఆ బాధ అంతగా లేదు.

అసలు పాత రైఫిల్‌తో వేటాడాలన్న కోరిక ఉండి, డబ్బు పరిమితంగా ఉన్నవారికి ట్రాప్‌డోర్‌ని మించిన దారి లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల పెద్ద సంఖ్యలో తయారుచేసింది కాబట్టి మంచి స్థితిలో ఉన్నవి ఇప్పటికీ దొరుకుతాయి. రైఫిల్ నాలుగు కిలోల చిల్లర, కార్బైన్ మూడు కిలోల పైచిలుకు.

కానీ యాక్షన్ నాలుగింటిలో బలహీనమైనది. బ్లాక్ పౌడర్, లేదా ట్రాప్‌డోర్ కోసమని స్పష్టంగా రాసి ఉన్న తేలికపాటి తూటాలు మాత్రమే వాడాలి. .45-70 పేరుతోనే నేటి బలమైన లివర్ యాక్షన్ల కోసం చేసిన ఘాటు తూటాలు కూడా అదే షెల్ఫులో ఉంటాయి. అవి ఇందులోకి ఇరుకు లేకుండా దూరతాయి, అక్కడే ప్రమాదం. ఇంట్లో మరొక .45-70 రైఫిల్ ఉండి దానికి ఘాటు తూటాలు వాడే అలవాటు ఉంటే, ట్రాప్‌డోర్ కొనొద్దనే చెబుతాను.

బ్రిటిష్ మార్టిని-హెన్రీ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. మంచి రైఫిలే, వేగంగా నింపొచ్చు. దాని .577/450 తూటా దొరకడం కష్టం, బయటికి కనిపించే హ్యామర్ ఉండదు కాబట్టి మిసిసిపీ, లూసియానా ప్రత్యేక సీజన్లకి పనికిరాదు. మొదటి రైఫిల్‌గా వద్దు.

## పక్కపక్కన పెడితే

| | షార్ప్స్ 1874 | రోలింగ్ బ్లాక్ | హై వాల్ | ట్రాప్‌డోర్ |
|---|---|---|---|---|
| తెరిచే తీరు | హ్యామర్ సగం ఎత్తి, లివర్ దించాలి | హ్యామర్ పూర్తిగా ఎత్తి, దిమ్మ దొర్లించాలి | లివర్ దించితే చాలు | హ్యామర్ సగం ఎత్తి, తలుపు లేపాలి |
| సుమారు బరువు | 4.5–5.5 కిలోలు, పైన | 4–5 కిలోలు | 4–4.8 కిలోలు | 3.2–4.1 కిలోలు |
| పడుకుని నింపడం | కష్టం | తేలిక | కాస్త కష్టం | తేలిక |
| గుల్ల బయటికి రావడం | బాగుంటుంది | మసి పడితే మొరాయిస్తుంది | బాగుంటుంది | ఎగిరి పడుతుంది |
| యాక్షన్ బలం | ఎక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ | తక్కువ |
| ధర | ఎక్కువ | అందుబాటు | మధ్యస్థం | పాతవి అందుబాటు |

## మీరు ఎలాంటి వేటగాళ్లు?

కొలరాడో, మోంటానా కొండల్లో ఎల్క్ కోసం రోజంతా నడిచేవారికి హై వాల్, .45-70, 28 అంగుళాల బ్యారెల్. దీని మీద నాకు సందేహం లేదు. షార్ప్స్ అంటే ఎంత ఇష్టమున్నా మూడో రోజుకి మీరే నాతో ఏకీభవిస్తారు.

టెక్సాస్ రాంచ్‌లో మాటు దగ్గరో, ఒహాయో పొలం గట్టు దగ్గర బ్లైండ్‌లోనో కూర్చుని వేటాడేవారికి షార్ప్స్ హాయిగా ఉంటుంది. కారు దిగి అర కిలోమీటరు నడిస్తే చాలు కాబట్టి బరువు సమస్య కాదు, ఆనించి కాలుస్తారు కాబట్టి దాని నిలకడ పూర్తిగా ఉపయోగపడుతుంది. పందులు గుంపుగా వస్తాయి, రెండో తూటా త్వరగా కావాలి అనుకుంటే రోలింగ్ బ్లాక్ వైపు మొగ్గండి.

మిసిసిపీ, లూసియానా అడవుల్లో చూపు ఆనేదే 70, 80 గజాలు. అక్కడ పొట్టి బ్యారెల్ రోలింగ్ బ్లాక్ గానీ ట్రాప్‌డోర్ కార్బైన్ గానీ చెట్ల కొమ్మలకి తగలకుండా తిరుగుతుంది. .38-55 కూడా ఇక్కడ చాలు.

చిన్న ఒంటివారికీ, తన్నుడుకి భయపడేవారికీ తేలిక రైఫిల్ అంటగట్టకండి. తేలిక రైఫిలే గట్టిగా తన్నుతుంది. మధ్యస్థ బరువున్న హై వాల్‌లో .38-55 గానీ .40-65 గానీ ఇవ్వండి. ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకునే అలవాటు ఒకసారి పడితే పోగొట్టడం చాలా కష్టం.

రీలోడింగ్ చేయలేను, టైము లేదు అనేవారు ఒక్కసారి ఆగి ఆలోచించండి. బ్లాక్ పౌడర్ నింపిన తూటాలు దుకాణాల్లో అరుదు. ఫ్యాక్టరీ తూటాలు దాదాపు అన్నీ స్మోక్‌లెస్. వాటితో వేటాడటంలో తప్పేమీ లేదు, అప్పుడు హై వాల్ సరైనది. బ్లాక్ పౌడరే కాల్చాలంటే మాత్రం రీలోడింగ్ నేర్చుకోక తప్పదు.

## శుభ్రం చేయడం, కొనేటప్పుడు చూడాల్సినవి

బ్లాక్ పౌడర్ కాలిన మసి గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఒక్క తూటా కాల్చినా ఆ రోజే శుభ్రం చేయాలి. వేడి సబ్బు నీళ్లతో తడిపిన గుడ్డముక్కలు బ్యారెల్‌లో దూర్చి, నల్లదనం పోయాక పొడి గుడ్డ, ఆ తర్వాత నూనె. మసి ఉప్పులు నీళ్లలో కరుగుతాయి, అందుకే ఖరీదైన రసాయనాలకంటే నీళ్లే బాగా పనిచేస్తాయి. గుల్లల్ని కూడా అదే సాయంత్రం సబ్బు నీళ్లలో వేయాలి, లేకపోతే ఇత్తడి మీద పచ్చటి మరకలు తేలతాయి. గుండుకి మెత్తటి గ్రీజు సరిగ్గా పట్టించి ఉంటే వేటలో రెండో, మూడో తూటా కూడా గురి తప్పదు. గుండు విషయంలో 20 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపిన మిశ్రమం వేటకి బాగా కుదురుతుంది. విచ్చుకునేంత మెత్తదనం ఉంటుంది, రైఫ్లింగ్‌ని (బ్యారెల్ లోపలి మెలికల గాడుల్ని) పట్టుకునేంత గట్టిదనమూ ఉంటుంది.

పాత రైఫిల్ కొంటున్నట్టయితే చిన్న టార్చి, పొడి గుడ్డ తీసుకెళ్లండి. బ్యారెల్ లోపల చూసినప్పుడు ఉంగరంలా ఒక నీడ చుట్టుకుని కనిపిస్తే, ఎప్పుడో ఖాళీ వదిలిన తూటా కాల్చి ఉబ్బించారని అర్థం. అలాంటిది వదిలేయండి. చాంబర్ మూతి దగ్గర గుంటలుంటే గుల్లలు ఇరుక్కుంటాయి. హ్యామర్ సగం ఎత్తి ట్రిగ్గర్ నొక్కి చూడండి, జారకూడదు. బ్రీచ్ మూసి వేళ్లతో కదిపి చూడండి, వదులు తెలియకూడదు. బ్యారెల్ మీద ఏమి చెక్కి ఉన్నా, చాంబర్ అచ్చు తీయించి అసలు ఏ తూటాదో తేల్చుకోండి. నూట నలభై ఏళ్లలో ఎవరైనా దాన్ని మార్చి ఉండొచ్చు. ఆ తర్వాత ఈ రైఫిళ్లు తెలిసిన గన్‌స్మిత్ చూసి సరే అన్నాకే మొదటి తూటా.

కొత్తది కొంటే బడ్జెట్ మొత్తం రైఫిల్ మీదే పెట్టకండి. పెద్ద రంధ్రమున్న టాంగ్ సైటు (పిడి మెడ మీద బిగించే గురి సాధనం) ఒకటి, గుండ్ల అచ్చు, డైలు, కొన్ని డబ్బాల మందు, క్రాస్‌స్టిక్స్, ఇవన్నీ కలిపితే రైఫిల్ ధరలో మంచి వాటానే అవుతాయి. ఖరీదైన షార్ప్స్ కొని సాధనకి మందు కొనలేకపోయినవారు కాదు, ఉబెర్టి హై వాల్ కొని వేసవి అంతా 50, 100, 150 గజాల్లో కాల్చినవారు సీజన్‌లో జింకని ఒక్క తూటాతో పడగొడతారు.